సర్వర్ పంపిన హెచ్చరిక ఎవరికి చేరింది?

సంపాదకులు గారికి నమస్కారములు.

'సర్వర్ మొరాయించింది' అన్న మాట మన పత్రికల జిల్లా పేజీల్లో తరచుగా కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్లు ఆగిపోయినా, రేషన్ దుకాణం ముందు వేలిముద్ర పడక ముసలివాళ్ళు ఎండలో నిలబడినా, ఫలితాల రోజున పిల్లల ఫోన్లలో తెల్లటి పేజీ తప్ప ఏమీ రాకపోయినా, కారణంగా రాసేది ఆ ఒక్క మాటే. తిరుపతిలోనూ చిత్తూరులోనూ పద్దెనిమిదేళ్ళుగా సర్వర్ల బాగోగులు చూస్తున్నవాడిగా ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. ఎద్దు కాడి కింద కూలబడినట్టు యంత్రం ఉన్నట్టుండి కూలబడడం చాలా అరుదు. నేను దగ్గరుండి చూసిన వైఫల్యాల్లో ఎక్కువ భాగం గంటల ముందో, రోజుల ముందో తెలియజెప్పి వచ్చినవే. డిస్కు నిండుతోందని, సమాచారానికి నకలు తీసే బ్యాకప్ ఆగిపోయిందని, గది వేడెక్కుతోందని యంత్రం చెప్పింది. ఆ మాట చేరవలసిన మనిషికి చేరలేదు. చేర్చే ఏర్పాటు ఎలా ఉండాలన్న దాని గురించే ఈ ఉత్తరం.

కొన్నేళ్ళ కిందట తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేను పనిచేస్తున్నప్పుడు జరిగిన సంగతి ముందుగా చెబుతాను. ఆస్పత్రి పేరు చెప్పను, ఎందుకంటే ఆ తప్పులో పెద్ద వాటా నాదే. ల్యాబ్ రిపోర్టులు ఉండే సర్వర్‌కు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్, అంటే యంత్రాన్ని అనుక్షణం కనిపెట్టి చూసి తేడా వస్తే హెచ్చరించే ప్రోగ్రాము, అమర్చింది నేను. దానితో పాటు వచ్చిన నియమాలన్నింటినీ ఉన్నవి ఉన్నట్టుగా ఆన్ చేసి, హెచ్చరికలన్నీ మా విభాగం ఉమ్మడి ఈమెయిల్‌కు వెళ్ళేలా పెట్టి, పని పూర్తయిందని యాజమాన్యానికి సంతకం చేసి ఇచ్చాను. నెల తిరిగేసరికి ఆ మెయిల్‌కు రోజుకు నాలుగు వందల దాకా ఉత్తరాలు రావడం మొదలైంది. ప్రాసెసర్ వాడకం రెండు నిమిషాలు పెరిగితే ఒక ఉత్తరం, తగ్గితే ఇంకొకటి, ప్రింటర్‌లో కాగితాలు అయిపోతే మరొకటి. మా కుర్రాళ్ళలో ఒకడు వాటన్నింటినీ వేరే ఫోల్డర్‌లోకి మళ్ళించుకున్నాడు. అది తప్పని నాకు అప్పుడు తోచలేదు సరికదా, నేనూ అదే చేశాను.

ఒక రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకు ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. బైరాగిపట్టెడలోని మా ఇంటి నుంచి బండి మీద నేను చేరేసరికి, ల్యాబ్ టెక్నీషియన్ అమ్మాయి అత్యవసర విభాగం వాళ్ళ రక్తపరీక్షల ఫలితాలను పాత కేస్‌షీట్ల వెనుక బాల్‌పెన్నుతో రాసి వార్డు బాయ్ చేత పై అంతస్తుకు పంపుతోంది. మెట్ల దగ్గర, పుత్తూరు నుంచి భార్యను తీసుకువచ్చిన ఒక పెద్దాయన నన్ను ఆపి, "ఏం నాయనా, ఇంగా రాలేదా రిపోర్టు?" అని అడిగాడు. నేనెవరో ఆయనకు తెలియదు, మెడలో ఆస్పత్రి కార్డు చూసి అడిగాడు. ఆయనకు ఏమి చెప్పాలో తెలియక పైకి వెళ్ళిపోయాను. సర్వర్ డిస్కులో ఒక్క అక్షరం రాసుకోవడానికి కూడా చోటు లేదు. రాత్రిపూట తీసే బ్యాకప్‌లలో పాతవి చెరిగిపోకుండా పేరుకుపోయి మొత్తం నిండిపోయింది. తెల్లవారిన తర్వాత ఆ ఫోల్డర్ తెరిచి వెనక్కి వెళ్ళి చూస్తే, డిస్కు నిండుతోందన్న మొదటి హెచ్చరిక తొమ్మిది రోజుల కిందటిది. ఆ తొమ్మిది రోజుల్లో వచ్చిన మూడు వేలకు పైగా ఉత్తరాల మధ్య అది పదకొండు సార్లు వచ్చి, పదకొండు సార్లూ ఎవరూ తెరవకుండానే ఉండిపోయింది. ఆ పెద్దాయన భార్య నాలుగో రోజున నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిందని కనుక్కునేదాకా నాకు కుదురు లేదు.

ఈ పనికి వాడే సాఫ్ట్‌వేర్లు కొరతగా లేవు, ఖరీదైనవీ కావు. 1999లో మొదలైన నాగియోస్, 2001లో వచ్చిన జాబిక్స్, 2012లో పుట్టిన ప్రోమీథియస్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి. వీటన్నింటి పనితీరు స్థూలంగా ఒక్కటే: ప్రతి యంత్రం నుంచి కొద్ది క్షణాలకో నిమిషానికో ఒకసారి కొలతలు తీసుకుంటాయి, ఆ కొలత మనం పెట్టిన హద్దు దాటితే ఒక సంఘటనగా నమోదు చేస్తాయి, ఆ సంఘటనకు మనం ముడిపెట్టిన చర్యను అమలు చేస్తాయి. కొలవడం, నమోదు చేయడం యంత్రం సొంతంగా చేసుకుపోతుంది. హద్దు ఎక్కడ పెట్టాలి, చర్య ఎవరి పేర ఉండాలి అన్న రెండు విషయాలు మాత్రం ఆ సంస్థలోని మనుషులు కూర్చుని తేల్చుకోవలసినవి. మన దగ్గర సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళు మొదటి రెండూ చేసి చూపించి వెళ్ళిపోతారు, తక్కిన రెండూ ఎవరికీ పట్టవు.

హద్దు గురించి నాకు మొదట అర్థమయ్యేలా చేసింది కంప్యూటర్ కాదు, పాలు. ఐరాల వైపు మా ఊళ్ళో మా చిన్నాయన పాల శీతలీకరణ కేంద్రం చూసుకునేవాడు. పితికిన పాలు వెచ్చగా వచ్చి కూలర్‌లో పడతాయి, వాటిని 4 డిగ్రీలకు తీసుకురావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. కూలర్‌కు అమర్చిన బజర్ మాత్రం ఉష్ణోగ్రత 8 డిగ్రీలు దాటిన మరుక్షణమే మోగేది. అంటే ఉదయం ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి, పాలు పోసిన ప్రతిసారీ అది మోగవలసిందే. పోయించుకునేవాళ్ళకు మాట వినపడడం లేదని చిన్నాయన దానికి పాత తుండుగుడ్డ చుట్టి, పురికొసతో కట్టేశాడు. కరెంటు పోయి, జనరేటర్ అందుకోని ఒక రాత్రి ఆ గుడ్డలోపలే బజర్ మోగి మోగి ఊరుకుంది, తెల్లారి పాలన్నీ పారబోశారు. ఊరంతా చిన్నాయనను తప్పుపట్టింది. నేను తప్పుపట్టను. రోజుకు రెండుసార్లు అబద్ధం చెప్పే గంటకు ఎవరైనా గుడ్డ చుడతారు. 'ఎనిమిది డిగ్రీలు దాటి మూడు గంటలైనా దిగకపోతే మోగు, లేదా పాలు పోయని వేళలో దాటితే వెంటనే మోగు' అని ఆ బజర్‌కు చెప్పి ఉంటే ఆ గుడ్డ అవసరమే వచ్చేది కాదు.

సర్వర్లకూ ఇదే వర్తిస్తుంది. హద్దుకు ఎప్పుడూ వ్యవధి తోడుండాలి: ప్రాసెసర్ 90 శాతం దాటడం వార్త కాదు, పదిహేను నిమిషాలు దిగకుండా అక్కడే ఉండడం వార్త. హెచ్చరిక మొదలయ్యే హద్దు, ముగిసే హద్దు ఒక్కటే కాకూడదు: 90 దగ్గర మొదలైతే 80కి దిగిన తర్వాతే ముగియాలి, లేకపోతే 89కీ 91కీ మధ్య ఊగిసలాడుతూ రాత్రంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది. డిస్కు విషయంలో శాతాలను అసలు నమ్మకూడదని నా అభిప్రాయం. పది టెరాబైట్ల డిస్కులో పది శాతం మిగిలి ఉందంటే ఒక టెరాబైటు, అంటే వెయ్యి గిగాబైట్లు, ఖాళీ ఉన్నట్టు, నలభై గిగాబైట్ల డిస్కులో అదే పది శాతం అంటే మిగిలింది నాలుగు గిగాబైట్లే. ఇప్పుడు నిండుతున్న వేగాన్ని బట్టి ఇంకెన్ని గంటల్లో నిండుతుందో లెక్కగట్టే సదుపాయం జాబిక్స్‌లోనూ ప్రోమీథియస్‌లోనూ ఉంది. నాలుగు రోజుల్లో నిండేట్టుంటే ఉదయం పది గంటలకు కార్యాలయానికి ఒక ఉత్తరం చాలు, నాలుగు గంటల్లో నిండేట్టుంటే అర్ధరాత్రి అయినా మనిషిని లేపాలి. ఆ రాత్రి మా ఆస్పత్రిలో ఈ ఒక్క నియమం ఉండి ఉంటే సరిపోయేది.

ఒకదానిపై ఒకటి ఆధారపడిన యంత్రాల సంగతి కూడా ముందే చెప్పి ఉంచాలి. యంత్రాలను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఒకటి ఆగితే దాని వెనుకనున్న అరవై యంత్రాలూ అందుబాటులో లేవని అరవై హెచ్చరికలు వస్తాయి, అసలు కారణం చెప్పే అరవై ఒకటోది వాటి అడుగున పడిపోతుంది. స్విచ్ ఆగినప్పుడు దాని వెనుకవాటి గోడు ఆపమనే ఏర్పాటు ఈ సాఫ్ట్‌వేర్లన్నింటిలోనూ ఉంది. చేసుకునే ఓపికే కావాలి.

ఇది చిన్న ఊళ్ళ నిర్లక్ష్యం మాత్రమేనని ఎవరూ అనుకోనక్కర లేదు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల వ్యాపార సంస్థ కొత్త ప్రోగ్రామును తన ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించి, ఎనిమిదో దాన్ని మరిచిపోయింది. ఉదయం మార్కెట్ తెరిచేలోగా ఆ సంస్థ సొంత వ్యవస్థ ఆ లోపాన్ని సూచిస్తూ ఉద్యోగులకు 97 ఈమెయిళ్ళు పంపింది. అవి హెచ్చరికలుగా చదవవలసినవని ఎవరికీ ఎవరూ చెప్పి ఉండలేదు. మార్కెట్ తెరిచిన ముప్పావు గంటలో సంస్థ పోగొట్టుకున్నది 46 కోట్ల డాలర్లకు పైమాటే. అంతకు ముందు 1994 జూలై 24న వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడుకు ముందరి చివరి పదకొండు నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. ఆ అనుభవం తర్వాత బ్రిటన్‌లో 1999లో వెలువడిన మార్గదర్శకాలు, మామూలు వేళల్లో ఒక ఆపరేటర్‌కు పది నిమిషాలకు ఒకటికి మించి అలారం రాకుండా చూసుకోవడమే మేలని చెప్పాయి. రోజుకు నాలుగు వందల ఉత్తరాలతో నేను దాటింది ఆ హద్దునే.

మన రాష్ట్రంలోనే, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై పన్నెండు మంది చనిపోయిన దుర్ఘటనను ఎవరూ మరిచిపోలేరు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో రెండు సంగతులు చెప్పింది: ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగుభాగంలోనే కొలిచేవారు కాబట్టి పైభాగం ఎంత వేడెక్కిందో కొలతలో కనిపించలేదు, మోగించడానికి సైరన్లు ఉండి కూడా ఎవరూ మోగించలేదు. ఈ రెండింటినీ నేను నా వృత్తికి అన్వయించుకుంటాను. సర్వర్ పింగ్‌కు, అంటే 'ఉన్నావా' అని అడిగే చిన్న పలకరింపుకు, జవాబిస్తోందని పచ్చగా చూపించే తెర ట్యాంకు అడుగున పెట్టిన థర్మామీటరు వంటిది. దరఖాస్తు చేసుకునే మనిషి ఏ పేజీ తెరిచి, ఏ బటన్ నొక్కుతాడో, అదే పనిని బయటి నుంచి ఐదు నిమిషాలకొకసారి చేసి చూసే పరీక్ష ఉంటేనే పైభాగపు వేడి తెలుస్తుంది.

ఇక హెచ్చరిక వెళ్ళే దారి. ఈమెయిల్ రాత్రి పూట ఎవరినీ లేపదు. ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, సందేశం నమూనా ముందే నమోదై ఉండాలి. నమోదు చేసిన నమూనాలో ఒక మాట మార్చినా టెలికాం సంస్థలు దాన్ని ఆపేస్తాయి, మన సాఫ్ట్‌వేర్ మాత్రం 'పంపాను' అనే రాసుకుంటుంది. అలా ఆరు వారాలు ఒక్క సందేశమూ చేరని సంస్థను చిత్తూరులో చూశాను. టెలిగ్రామ్ యాప్‌లో సందేశాలను తనంతట తానే పంపే బాట్ ఏర్పాటు సులువు, ఖర్చు లేదు, కానీ అది కూడా ఇంటర్నెట్ మీదుగానే వెళ్ళాలి. రోడ్డు తవ్వకాల్లో ఫైబర్ తెగిపోవడం తిరుపతిలో కొత్త కాదు. లైను తెగిందన్న కబురు తెగిన లైను మీదుగానే వెళ్ళలేదు కదా! అందుకే సిమ్ కార్డు పెట్టిన చిన్న మోడెమ్ ఒకటి విడిగా ఉండాలని, నిజంగా అత్యవసరమైన నాలుగైదు హెచ్చరికలైనా దాని ద్వారా ఫోన్ కాల్‌గా మోగాలని నేను పట్టుబడతాను.

ఆ సందేశం ఏ భాషలో ఉండాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. రాత్రి కాపలా ఉండే మనిషికి 'ప్రాబ్లమ్: హై టెంపరేచర్ ఆన్ నోడ్ త్రీ' అన్న ఇంగ్లీషు సందేశం వెళితే ఆయన తెల్లవారేదాకా దాచి మాకు చూపిస్తాడు. 'సర్వర్ గది ఏసీ ఆగింది. తలుపు తెరిచి ఫ్యాన్ వేసి ఫోన్ చేయండి' అని తెలుగులో వెళితే వెంటనే లేస్తాడు. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో పట్టేవి 70 మాత్రమే, అందులోనూ గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. ఆ ఇరుకులో ఏ గది, ఏమైంది, ఏమి చేయాలి అన్న మూడు సంగతులు ఇమిడేలా వాక్యం కూర్చడానికి నేనూ మా కుర్రాళ్ళూ ఒక పూటంతా కూర్చున్న రోజులున్నాయి. ఆ పూట వృథా అయిందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్టకు నీరు కారుతోందని తెలిసినప్పుడు మన ప్రాంతం ఎంత కంగారుపడిందో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కట్ట మీద మనుషులు కాపు కాశారు, దిగువ గ్రామాల వారిని ఖాళీ చేయించారు, చివరికి కట్ట నిలిచింది. అప్పుడు పనికివచ్చింది నీరు కారుతోందన్న సమాచారం ఒక్కటే కాదు. ఆ మాట విన్నవెంటనే ఏ ఊరివాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో, వాళ్ళను కదిలించే బాధ్యత ఎవరిదో నిర్ణయించడం వల్లనే ఆ సమాచారం ప్రాణాలకు రక్షణ అయింది. మన కార్యాలయాల మానిటరింగ్‌లో లేనిది సరిగ్గా ఈ రెండో భాగమే.

అది ఎలా ఉండాలో చెబుతాను. ప్రతి హెచ్చరిక పక్కన మనిషి పేరు ఉండాలి, విభాగం పేరు కాదు. ఆయన పది నిమిషాల్లో 'చూశాను' అని నొక్కకపోతే రెండో మనిషికి, మరో పది నిమిషాలకు పై అధికారికి ఫోన్ వెళ్ళాలి. మనిషి ఉద్యోగం మానిన రోజున, ఆయన కార్డు వెనక్కి తీసుకున్నట్టే ఆయన నంబరును ఆ జాబితాలోంచి తీసి కొత్తవారిది చేర్చాలి. బెంగళూరుకు వెళ్ళిపోయి రెండేళ్ళయిన కుర్రాడికి ఇంకా ఇక్కడి సర్వర్ల కబుర్లు వెళుతూనే ఉన్న చోట్లు నాకు తెలుసు. అందుకున్నవాడు చేయవలసిన పని ఏదీ లేని హెచ్చరికను తీసివేయాలి. ఊరికే తెలిసి ఉండడానికైతే వారానికొక నివేదిక చాలు. మా దగ్గర ఈ ఒక్క నియమంతోనే రోజుకు నాలుగు వందలున్నవి వారానికి ఆరేడుకు దిగాయి.

మానిటరింగ్ సర్వర్ తానే ఆగిపోతే ఎవరు చెప్పాలన్న ప్రశ్నను చాలామంది అడగరు. నిశ్శబ్దాన్ని క్షేమంగా భావించడం ఈ వృత్తిలో అన్నింటికన్నా ప్రమాదకరమైన అలవాటు. ప్రోమీథియస్ వాడేవారిలో ఎప్పుడూ ఆరకుండా వెలుగుతూ ఉండే ఒక హెచ్చరికను పెట్టుకునే పద్ధతి ఉంది. 'నేను బతికే ఉన్నాను' అని అది వేరే చోటనున్న మరో యంత్రానికి నిమిష నిమిషానికీ చెబుతూ ఉంటుంది, ఆ మాట ఆగిన క్షణాన ఆ రెండో యంత్రం మనిషిని లేపుతుంది. ఇంట్లో అఖండ దీపం పెట్టుకున్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర లేదు.

వెబ్‌సైట్ల సర్టిఫికెట్ల, అంటే సైటు అసలుదేనని బ్రౌజర్‌కు రుజువు చూపే డిజిటల్ పత్రాల, గడువు సంగతి ఇక్కడే గుర్తు చేయాలి. అంతకు ముందు 398 రోజులుగా ఉన్న గరిష్ఠ గడువును 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి నుంచి 100 రోజులకు, 2029 మార్చి నుంచి 47 రోజులకు కుదించాలని సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థలు, బ్రౌజర్ సంస్థలు కలిసి నిర్ణయించాయి. ఏడాదికొకసారి క్యాలెండర్‌లో రాసుకుని మార్చే పద్ధతి ఇక సాగదు. గడువుకు ముందే మోగే ఏర్పాటు లేని కళాశాలల వెబ్‌సైట్లు సరిగ్గా ప్రవేశాల వేళ మూతబడతాయని నాకు నిజంగా భయంగా ఉంది.

ఇవన్నీ చేయడానికి తిరుపతిలో మనుషులు లేరా అంటే ఉన్నారు. ఇక్కడి ఇంజినీరింగ్ కళాశాలల నుంచి ఏటా బయటకు వచ్చే పిల్లల్లో ఈ పని ఇష్టపడేవాళ్ళను చూస్తున్నాను. కానీ నెలకు పదిహేను వేలు ఇచ్చి, రాత్రీ పగలూ ఒక్కడి ఫోన్‌కే అన్ని హెచ్చరికలూ ముడిపెట్టి, పొద్దున్నే తొమ్మిదింటికి హాజరు వేయమనే సంస్థలున్నాయి. ఆ పిల్లవాడు మూడో నెలలో ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టుకుంటే అది మా చిన్నాయన చుట్టిన గుడ్డే. కనీసం ముగ్గురిని వారం వారం వంతులవారీగా వేయాలి, రాత్రి లేచినవారికి మర్నాడు సగం పూట సెలవు ఇవ్వాలి. కొనుగోలు టెండర్లలో సాఫ్ట్‌వేర్ పేరుతో పాటు ఈ వంతుల పట్టికను కూడా తప్పనిసరి పత్రంగా అడగాలని మా జిల్లాల అధికారులకు, ఆస్పత్రుల, కళాశాలల యాజమాన్యాలకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను. నెలకొకసారి, ముందుగా చెప్పకుండా, నకిలీ హెచ్చరిక ఒకటి పంపి ఎన్ని నిమిషాల్లో ఎవరు లేచారో రాసి పెట్టుకోవాలని కూడా.

మీ విలేకరులకు నాదొక విన్నపం. ఇకపై 'సర్వర్ మొరాయించింది' అని ఏ అధికారి చెప్పినా, అది రాసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగమనండి: మొదటి హెచ్చరిక ఏ తేదీన, ఎన్ని గంటలకు వచ్చింది, అది ఎవరి ఫోన్‌కు వెళ్ళింది, ఆయన ఏమి చేశాడు? ఈ మూడింటికీ జవాబులు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో నిమిషాలతో సహా నమోదై ఉంటాయి. అడిగితే చూపించవచ్చు. అసలు ఆ సాఫ్ట్‌వేరే లేదని జవాబు వస్తే, దయచేసి ఆ సంగతినే వార్తగా రాయండి.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
బైరాగిపట్టెడ, తిరుపతి.